పొద్దున్నే మొండికేసే డీజిల్ లారీ

చలి ముదిరితే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒకటే. పగలంతా తాళం తిప్పగానే అందుకునే లారీ తెల్లవారుజామున మాత్రం ఎందుకు ఏడిపిస్తుంది? ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చాం. పాత మెకానికల్ పంపు బండ్లూ, కంప్యూటరు నడిపే కొత్త కామన్ రైల్ బండ్లూ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ వెళ్లేవి) రెండూ ఉన్నాయి. మీది ఏదో చూసుకుని చదవండి. ఒకదానికి పనికొచ్చే కిటుకు రెండోదానికి ప్రాణం మీదికి తేవచ్చు.

ప్రశ్న: ఆరు సిలిండర్ల లారీ, పాత ఇన్‌లైన్ పంపు, 24 వోల్టుల బండి. మధ్యాహ్నం అయితే తాళం ముట్టుకుంటే చాలు, స్టార్ట్ అవుతుంది. పొద్దున చలిలో నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టాలి. కొడుతున్నంతసేపూ సైలెన్సరు నుంచి తెల్లటి పొగ వస్తుంది. పంపు దింపి క్యాలిబ్రేషన్ (డీజిల్ మోతాదు సరిచేయడం) చేయించమని, సిలిండరులో డీజిల్ చల్లే నాజిళ్లు మార్చమని మెకానిక్ అంటున్నారు. చేయించాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది: తెల్లటి పొగ. అది కాలని డీజిల్ ఆవిరి. అంటే పంపు డీజిల్ పంపుతోంది, నాజిళ్లు చల్లుతున్నాయి, సిలిండరులో అది అంటుకోవడం లేదు, అంతే. సెల్ఫ్ కొడుతున్నా పొగ జాడే లేకపోతే అది వేరే రోగం, డీజిల్ అందడం లేదన్నమాట. దాని సంగతి కింద ఇంకో ప్రశ్నలో ఉంది. పొద్దున్నే ఒక మనిషిని సైలెన్సరు దగ్గర నిలబెట్టి ఈ ఒక్కటి చూసుకోకుండా స్పానర్ పట్టడం దండగ.

ఎందుకు అంటుకోవడం లేదంటే, డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ లేదు. పిస్టన్ నొక్కిన గాలి వేడే నిప్పు. కంప్రెషన్ నిష్పత్తి 17కి 1 ఉన్న, అంటే గాలిని పదిహేడో వంతుకు నొక్కే ఇంజన్‌లో, 27 డిగ్రీల గాలిని పీల్చి గబుక్కున నొక్కితే అది 500 డిగ్రీలు దాటుతుంది. అదే గాలి సున్నా డిగ్రీల దగ్గర ఉంటే నొక్కాక దాదాపు 70 డిగ్రీలు తక్కువ వస్తుంది. ఇది లెక్క ప్రకారం వచ్చే నష్టం మాత్రమే. అసలు దెబ్బ సెల్ఫ్ వేగం దగ్గర తగులుతుంది. ఇంజన్ నిమిషానికి 150 సార్లు తిరిగితే పిస్టన్ పైకి రావడానికి 0.2 సెకను పడుతుంది. 75 సార్లే తిరిగితే 0.4 సెకను. ఆ రెట్టింపు సమయంలో గాలి తన వేడిని చల్లటి గోడలకు ఇచ్చేస్తుంది, పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారుకుంటుంది కూడా. అలా వేడి 300 డిగ్రీల కిందికి పడిపోతే, కంటి రెప్పపాటులో మండాల్సిన డీజిల్ మండదు. తెల్ల పొగై బయటికి పోతుంది.

అందుకని మొదట సెల్ఫ్ వేగం, తర్వాత గాలి వేడి, ఆ తర్వాతే కంప్రెషన్, టైమింగ్ (డీజిల్ చల్లే సమయం), నాజిళ్లు. మెకానిక్ మిమ్మల్ని చివరి మెట్టు నుంచి మొదలుపెట్టమంటున్నారు.

వేగం సంగతి బ్యాటరీల దగ్గర తేలుతుంది. రాత్రంతా కదలకుండా ఉన్న బండికి, పొద్దున తాళం పెట్టకముందే, మల్టీమీటరుతో ఒక్కో బ్యాటరీని విడివిడిగా కొలవండి. 12.6 నుంచి 12.7 వోల్టులు ఉంటే నిండా ఛార్జి ఉన్నట్టు. 12.4 అయితే ముప్పాతిక వంతు, 12.2 అయితే సగం. రెండిటి మొత్తం 25 వోల్టులు చూపించినంత మాత్రాన సంతోషపడకండి. ఒకటి 12.8, రెండోది 12.2 ఉన్నా మొత్తం అంతే వస్తుంది. రెండిటి మధ్య 0.2 వోల్టు కన్నా తేడా ఉంటే జత చెడినట్టే. 24 వోల్టుల లారీల్లో ఈ రోగానికి తరచుగా కారణం పాటల పెట్టె. దానికీ, ఫోన్ ఛార్జింగుకీ కన్వర్టరు పెట్టకుండా ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగుతారు. ఆ బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, రెండోదేమో మోతాదు మించి ఛార్జి అయి నీళ్లు ఆవిరి చేసుకుంటుంది. రెండూ పోతాయి. మార్చితే రెండూ ఒకేసారి, ఒకే రకం, ఒకే సామర్థ్యం ఉన్నవి మార్చండి.

మూతలు తెరిచే రకం బ్యాటరీ అయితే లోపలి ఆసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ఇంకా నిక్కచ్చిగా చెబుతుంది. నిండా ఛార్జి అయితే 1.265 దగ్గర, సగానికి 1.190 దగ్గర. ఆరు గదుల్లో ఒక్కటే 0.050 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీకి ఇక ఛార్జింగు దండగ.

ఇప్పుడు మీటరు బ్యాటరీ మీదే ఉంచి ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించండి. మామూలు వాతావరణంలో ఒక్కో బ్యాటరీ 9.6 వోల్టుల కన్నా దిగకూడదు, సున్నా డిగ్రీల దగ్గర 9.1 దాకా ఒప్పుకోవచ్చు. అంతకన్నా దిగితే బ్యాటరీ బలహీనం. మంచి బ్యాటరీ కూడా సున్నా డిగ్రీల దగ్గర తన శక్తిలో మూడో వంతు పోగొట్టుకుంటుంది, మైనస్ 18 దగ్గర సగానికి పైగా పోతుంది. సగం ఛార్జితో ఎండాకాలం నెట్టుకొచ్చిన బ్యాటరీ గుట్టు చలికాలంలో బయటపడేది అందుకే.

ఇవన్నీ సరిగ్గా ఉండి, సెల్ఫ్ చురుగ్గా తిప్పుతున్నా తెల్ల పొగే వస్తుంటే అప్పుడు గాలిని వేడి చేసే హీటరు, ట్యాపెట్లు (వాల్వుల సందు), కంప్రెషన్, పంపు టైమింగ్ అనే వరసలో పోండి. ఎగ్జాస్ట్ బ్రేకు ఉన్న బండి అయితే సైలెన్సరు దారి మూసే దాని రేకు మూసుకుని బిగుసుకుపోయిందేమో కూడా చూడండి. ఎవరూ చూడరు దాన్ని. పొగ బయటికి పోకపోతే గాలి లోపలికి రాదు.

ప్రశ్న: బ్యాటరీలు రెండూ కొత్తవి. అయినా పొద్దున సెల్ఫ్ మూలుగుతూ తిరుగుతుంది. సెల్ఫ్ మోటారు మార్చాలా?

జవాబు: ముందు వైర్లను అనుమానించండి. లారీ సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. 400 ఆంపియర్లు పారే దారిలో 0.002 ఓము అడ్డు ఉందంటే, అది మామూలు మీటరుకు కనిపించనంత చిన్నది, కానీ అక్కడే 0.8 వోల్టు మింగేస్తుంది. వైరు కొసకు ఉండే లగ్గు ఒక్కటి తుప్పు పట్టినా చాలు దీనికి.

కొలిచే పద్ధతి ఇది. మీటరు ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ పోస్టు మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే. నల్ల వైరు సెల్ఫ్ మోటారు లావుపాటి బోల్టు మీద. ఇంజన్ స్టార్ట్ కాకుండా స్టాప్ కేబుల్ లాగి ఉంచి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. తర్వాత బ్యాటరీ మైనస్ పోస్టుకూ సెల్ఫ్ మోటారు ఒంటికీ మధ్య అలాగే కొలవండి. ఈ ఎర్త్ వైపు ఇంకా తక్కువ, 0.3 లోపు రావాలి. లారీల్లో ఎక్కువగా చెడేది ఈ వైపే. మైనస్ వైరు ఛాసిస్‌కు బిగిస్తారు, ఛాసిస్ నుంచి ఇంజన్‌కు ఇంకో అల్లిక వైరు ఉంటుంది. ఆ అల్లిక సగం పోగులు తెగి వేలాడుతుంటుంది, లేదా రంగు మీదే బిగించి ఉంటుంది. రంగు గీకి, లోహం మెరిసేలా చేసి, బిగించి, పైన గ్రీజు రాయండి. బిగించాక రాయాలి, ముందు కాదు.

వైర్లు బాగుంటే ఆయిల్ చూడండి. 20డబ్ల్యూ రకం ఆయిల్‌ను చలిలో తిరిగే గుణానికి మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు, 15డబ్ల్యూను మైనస్ 20 దగ్గర, 10డబ్ల్యూను మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర. అది తట్టుకునే హద్దు, సుఖంగా తిరిగే చోటు కాదు. గట్టి చలి ఉండే దారిలో తిరిగే బండికి 20డబ్ల్యూ-50 పోసి సెల్ఫ్‌ను తిట్టి లాభం లేదు. కంపెనీ పుస్తకంలో ఆ చలికి ఏది రాశారో అదే పోయండి. ఇంకో చిన్న సంగతి: సెల్ఫ్ కొట్టేటప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచండి. గట్టిపడ్డ గేరు ఆయిల్‌ను తిప్పే బరువు సెల్ఫ్ మీద పడదు. చలిలో ఆ తేడా చెవికే తెలుస్తుంది.

ఇదంతా అయ్యాకే సెల్ఫ్ మోటారు దింపండి. బుష్‌లు అరిగి ఆర్మేచర్ లోపల రాసుకుంటుంటే మూలుగు వస్తుంది, కరెంటు విపరీతంగా లాగుతుంది. బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు మారిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఏ సెల్ఫ్‌నైనా 15, 20 సెకన్లకు మించి ఒక్క బిగిన కొట్టొద్దు. కొట్టాక రెండు నిమిషాలు ఆగండి. మోటారు చల్లారుతుంది, బ్యాటరీ కాస్త తేరుకుంటుంది.

ప్రశ్న: నాలుగు సిలిండర్ల చిన్న లారీ. హీటరు లైటు వెలిగి రెండు సెకన్లలో ఆరిపోతుంది. స్టార్ట్ అయ్యాక ఒక నిమిషం వణుకుతూ తెల్ల పొగ వదులుతుంది. తర్వాత మామూలే. హీటరు ప్లగ్గులు పోయాయని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీరు చెప్పిన లక్షణం ఒకటో రెండో ప్లగ్గులు పోయినప్పుడు వచ్చేదే. మిగతా సిలిండర్లు అంటుకుంటాయి, చల్లటి సిలిండరు వేడెక్కేదాకా పొగ వదులుతూ ఇంజన్‌ను కుదుపుతుంది. లైటు మాత్రం దేనికీ సాక్ష్యం కాదు. అది టైమరు చెప్పినట్టు వెలిగి ఆరుతుంది. లైటు ఆరాక కూడా చాలా బండ్లలో ప్లగ్గులకు కరెంటు ఇంకా పోతూనే ఉంటుంది.

ప్లగ్గులన్నిటినీ కలిపే పట్టీని విప్పేయండి. విప్పకుండా కొలిస్తే మంచి ప్లగ్గు ద్వారా చెడ్డది కూడా మంచిదిలాగే కనిపిస్తుంది. మీటరును ఓముల్లో పెట్టి ప్లగ్గు కొసకూ ఇంజన్ ఒంటికీ మధ్య చూడండి. చల్లటి ప్లగ్గు అర ఓము నుంచి రెండు ఓముల లోపు ఉంటుంది. అంకె రాకుండా ఖాళీగా ఉంటే లోపల తీగ తెగింది. మీటరు తీగలకే 0.2, 0.3 ఓము ఉంటుంది, ముందు రెండు కొసలూ తాకించి ఆ అంకె తీసేయడం మరచిపోకండి. మీటరు లేకపోతే టెస్ట్ ల్యాంపు చాలు: ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, రెండోది ప్లగ్గు కొసకు. వెలిగితే తీగ తెగలేదు.

ఇంకో అడుగు వేయాలనుకుంటే క్లాంప్ మీటరు. 12 వోల్టుల ప్లగ్గు ఒక్కోటి మొదట 15, 20 ఆంపియర్లు లాగి, కొన్ని సెకన్లలో 10 దగ్గరికి దిగుతుంది. నాలుగూ కలిసి 60 లాగాల్సిన చోట 30 చూపిస్తే రెండు పోయాయని పట్టీ విప్పకుండానే తెలుస్తుంది. అసలు కరెంటే రాకపోతే తప్పు ప్లగ్గుల్లో లేదు. రిలే, లావు ఫ్యూజు చూడండి.

ఒక హెచ్చరిక. కొత్త బండ్లలో 5, 7 వోల్టుల మీద నడిచే ప్లగ్గులు వస్తున్నాయి. కంట్రోలర్ వాటికి కరెంటును ముక్కలు ముక్కలుగా ఇస్తుంది. బయటికి తీసి బ్యాటరీకి నేరుగా తగిలించి ఎర్రబడుతుందా అని చూసే పాత అలవాటు వీటి దగ్గర పనికిరాదు. ఎర్రబడుతుంది, ఆ వెంటనే మాడిపోతుంది. ప్లగ్గు ఒంటి మీద వోల్టులు రాసి ఉంటాయి, చదవండి.

విప్పేటప్పుడు ఇంజన్ వెచ్చగా ఉండాలి. ముందురోజు రాత్రే చుట్టూ తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచండి. బిగుసుకుపోయిన ప్లగ్గును బలవంతంగా తిప్పితే కొస విరిగి హెడ్డులోనే ఉండిపోతుంది. అప్పుడు హెడ్డు దింపాల్సి రావచ్చు. కదలకపోతే కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ విప్పండి. కొత్తది పెట్టేటప్పుడు కూడా చేతి బలం చూపించొద్దు. 10 మిల్లీమీటర్ల మర ఉన్నదానికి 15 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు.

పెద్ద లారీల్లో ఒక్కో సిలిండరుకు ప్లగ్గు ఉండదు. గాలి లోపలికి పోయే చోట జల్లెడలాంటి హీటరు ఉంటుంది, లేదా అక్కడే డీజిల్ చుక్కలు మండించి గాలిని వేడి చేసే ఫ్లేమ్ స్టార్ట్ ఉంటుంది. జల్లెడ హీటరు 100 ఆంపియర్లు పైనే లాగుతుంది. తాళం పెట్టగానే రిలే టక్కుమనాలి, క్యాబిన్ లైటు కాస్త మసకబారాలి. ఫ్లేమ్ స్టార్ట్ అయితే 20 సెకన్ల పైచిలుకు ఆగాలి. ఆ ఓపిక లేక తాళం తిప్పేసి హీటరు పనిచేయడం లేదనే వాళ్లే ఎక్కువ.

ప్రశ్న: పొద్దున సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, పొగ మాత్రం రాదు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు పక్కనున్న చేతి పంపు 30 సార్లు కొడితే వెంటనే స్టార్ట్. ఆ రోజంతా ఇబ్బంది లేదు. డీజిల్ ఎక్కడా కారడం లేదు. ఇదేంటి?

జవాబు: డీజిల్ పైపులో ఎయిర్ పడుతోంది. చేతి పంపు కొట్టగానే అందుకుందంటే హీటరు, బ్యాటరీ, కంప్రెషన్ అన్నీ ఒక్క దెబ్బకు అనుమానం నుంచి బయటపడ్డాయి. ఇంత మంచి పరీక్ష ఖర్చు లేకుండా ఇంకోటి లేదు. మిగతా పాఠకులు కూడా పొగ రాని రోజు ముందు ఇది చేసి చూడండి. పాత పంపు బండ్లలో దీనితోపాటు స్టాప్ లివర్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో కూడా ఒకసారి చూడాలి. చలికి కేబుల్ బిగుసుకుని సగంలో ఆగిపోతుంది.

డీజిల్ కారడం లేదు కాబట్టి లీకు లేదనుకోవద్దు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ను పీలుస్తుంది, నెట్టదు. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. రాత్రి ఇంజన్ ఆగాక ఆ సందులోంచి గాలి దూరి, పైపులో నిలబడ్డ డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. చలిలో రబ్బరు గట్టిపడుతుంది, ఓ రింగులు ముడుచుకుంటాయి, డీజిల్ చిక్కబడి పీల్చడానికి ఎక్కువ లాగాలి. ఎండాకాలంలో మూసుకుని ఉన్న సందు ఇప్పుడు తెరుచుకుంటుంది. ఇంజన్ వేడెక్కితే మళ్లీ మూసుకుంటుంది. మీకు పగలు ఇబ్బంది లేకపోవడానికి కారణం ఇదే.

వెతకడానికి ఒక మూరెడు పారదర్శక గొట్టం కావాలి. డీజిల్‌కు తట్టుకునేది, అదే లోపలి వెడల్పు ఉన్నది. ఫీడ్ పంపులోకి వచ్చే పైపును విప్పి మధ్యలో దీన్ని బిగించండి. ఇంజన్ నడిపి చూస్తే గొట్టంలో బుడగలు పరిగెత్తుతూ కనిపిస్తాయి. బుడగలు ఉంటే తప్పు ట్యాంకు వైపు. బుడగలు లేకుండా పొద్దున్నే గొట్టం ఖాళీగా కనిపిస్తే ఫీడ్ పంపు వాల్వులు నిలవడం లేదు. ఇసుక రేణువంత చెత్త వాల్వు కింద ఇరుక్కున్నా చాలు.

ట్యాంకు వైపు అని తేలాక పైపంతా విప్పనక్కర్లేదు. 5 లీటర్ల శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ నింపి, ఫీడ్ పంపు పైపును తిన్నగా అందులో ముంచి, మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా అందులోనే వదిలి, క్యాన్‌ను ట్యాంకు ఎత్తులోనే పెట్టి రాత్రి వదిలేయండి. పైన పెడితే డీజిల్ దానంతట అదే దిగి పరీక్ష పాడవుతుంది. పొద్దున చేతి పంపు లేకుండా స్టార్ట్ అయితే తప్పు వదిలేసిన పైపులో, ట్యాంకు లోపలి పీల్చే గొట్టంలో, లేదా మధ్యలో ఉన్న నీటి వడపోతలో ఉంది. నీటి వడపోత గిన్నె రబ్బరు వాషరు వీటన్నిటిలో ముందు చూడాల్సింది. ఫిల్టరు మార్చిన ప్రతిసారీ పాత వాషరే పెట్టేస్తారు. స్టార్ట్ కాకపోతే ఫీడ్ పంపు దగ్గరి కీళ్లు, చేతి పంపే చూడండి. చేతి పంపు పిస్టన్ రబ్బరు అరిగి దాని పిడి పక్కనుంచే గాలి పీలుస్తుంటుంది. పిడి చుట్టూ తడి ఉంటే అదే దొంగ.

డీజిల్ పైపు కొసలు బిగించే బాంజో బోల్టుల రాగి వాషర్లు ఒకసారి నలిగితే గట్టిపడతాయి. కొత్తవి లేకపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చి, నునుపుగా రుద్ది వాడుకోవచ్చు. రాగి మళ్లీ మెత్తబడుతుంది.

బాగు చేశాక ఎయిర్ తీయాలి. ఫిల్టరు మీది స్క్రూ రెండు చుట్లు విప్పి చేతి పంపు కొట్టండి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత నిండు ధార. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి, ఆగాక కాదు. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర ఇదే పని. అప్పటికీ అందుకోకపోతే రెండు మూడు నాజిళ్ల నట్లు అర చుట్టు వదులు చేసి, డీజిల్ ఉమిసేదాకా సెల్ఫ్ కొట్టి బిగించండి. ఈ చివరి పని పాత పంపు బండ్లకు మాత్రమే. కామన్ రైల్ బండిలో పైపు వదులు చేశారా, వందల బార్ ఒత్తిడితో వచ్చే ధార చర్మాన్ని కోసుకుని లోపలికి దిగుతుంది. చిన్న గాటులా కనిపించినా అది ఆపరేషన్ అవసరమయ్యే గాయం.

ప్రశ్న: స్టార్ట్ బాగానే అవుతుంది. పది నిమిషాలు నడిచాక పికప్ పడిపోయి ఆగిపోతుంది. ఫిల్టరు విప్పితే కొవ్వొత్తి మైనంలాంటిది ఉంది.

జవాబు: మైనమే అది. డీజిల్‌లో పారాఫిన్ సహజంగానే ఉంటుంది. చలి ఒక హద్దు దాటగానే అది పలుకులు కడుతుంది, డీజిల్ మబ్బుగా మారుతుంది. ఇంకా దిగితే ఆ పలుకులు ఫిల్టరు కాగితం మీద పేరుకుని మూసేస్తాయి. అందుకే చలి దేశాల్లో డీజిల్‌ను ఫిల్టరు మూసుకునే ఉష్ణోగ్రతను బట్టి తరగతులు చేసి అమ్ముతారు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 590లో మామూలు తరగతులు ప్లస్ 5 నుంచి మైనస్ 20 దాకా, తీవ్ర చలి తరగతులు మైనస్ 20 నుంచి మైనస్ 44 దాకా ఉంటాయి. వెచ్చటి చోట ట్యాంకు నింపుకుని రాత్రికి కొండెక్కే బండికి ఈ బాధ తప్పదు. బయో డీజిల్ ఎక్కువ కలిసిన ఇంధనం ఇంకా ముందే మబ్బు కడుతుంది.

మైనమా, మంచా అన్న అనుమానం ఉంటే ఫిల్టరులోని ముద్దను ఒక గాజు సీసాలో వేసి వెచ్చటి గదిలో పెట్టండి. అరగంటలో డీజిల్ తేటగా మారి ఏమీ మిగలకపోతే మైనం. సీసా అడుగున వేరుగా నీటి పొర నిలిస్తే అది గడ్డకట్టిన నీరు. నీరైతే మందు వేరు: నీటి వడపోతను రోజూ ఖాళీ చేయడం, సాయంత్రం ట్యాంకు నిండుగా ఉంచడం. ఖాళీ ట్యాంకు గోడల మీద రాత్రి చెమ్మ పట్టి డీజిల్‌లోకి దిగుతుంది.

మైనం కట్టకుండా వేసే ద్రవం ఉంది కానీ, అది డీజిల్ ఇంకా తేటగా ఉండగా, నింపేటప్పుడే కలపాలి. కట్టేసిన మైనాన్ని అది కరిగించదు. దారిలో ఆగిపోతే కొత్త ఫిల్టరు పెట్టడం, బండిని వెచ్చటి చోటికి చేర్చడం, వేడినీటి గుడ్డలు ఫిల్టరుకు చుట్టడం, ఇవే దారులు. కిరసనాయిలు కలిపే పాత అలవాటు కామన్ రైల్ పంపుకు విషం. దానికి జారుడు గుణం తక్కువ, పంపు లోపల లోహం లోహాన్ని కొరుకుతుంది. కొన్ని చోట్ల చట్టమూ ఒప్పుకోదు. పెట్రోలు మాటే ఎత్తొద్దు.

ప్రశ్న: ఈథర్ స్ప్రే కొడితే టక్కున స్టార్ట్ అవుతోంది. రోజూ వాడితే తప్పా?

జవాబు: తప్పే. హీటరు ప్లగ్గులో జల్లెడ హీటరో ఉన్న బండి అయితే ఒక్కసారి కూడా వద్దు. ఎర్రగా కాలిన తీగ మీద ఈథర్ పడితే అది సిలిండరులో కాదు, గాలి పైపులోనే పేలుతుంది. హీటరు లేని పాత ఇంజన్‌లోనైనా అది పిస్టన్ పైకి రాకముందే అంటుకుని ఎదురు దెబ్బ కొడుతుంది. రింగులు, పిస్టన్ల అంచులు విరుగుతాయి. అప్పుడు కంప్రెషన్ తగ్గుతుంది. మర్నాడు ఇంకో రెండు స్ప్రేలు ఎక్కువ కావాలి.

ప్రశ్న: సెల్ఫ్ కొట్టేటప్పుడు యాక్సిలరేటరు తొక్కాలా?

జవాబు: పాత మెకానికల్ పంపు అయితే చాలావాటికి పూర్తిగా తొక్కాలి, చల్లటి స్టార్టుకు పంపు ఎక్కువ డీజిల్ ఇచ్చేది అప్పుడే. కామన్ రైల్ అయితే కాలు పెట్టొద్దు. ఏ బండి అయినా అందుకున్న వెంటనే రేసు ఇవ్వొద్దు, టర్బో బేరింగుకు ఆయిల్ ఇంకా చేరి ఉండదు.

ప్రశ్న: కామన్ రైల్ లారీ. స్కానరులో తప్పు కోడ్ ఏమీ లేదు. పొద్దున మాత్రం 15 సెకన్లు తిప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కోడ్ లేకపోతే స్కానరు పని అయిపోలేదు, అంకెలు చూడండి. రాత్రంతా ఆగిన బండికి, సెల్ఫ్ కొట్టకముందే, కూలెంటు, లోపలికి వచ్చే గాలి, డీజిల్ మూడిటి ఉష్ణోగ్రతలూ పక్కపక్కన పెట్టండి. మూడూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. గాలి 4, డీజిల్ 5 చూపిస్తూ కూలెంటు 38 చూపిస్తే సెన్సరు అబద్ధం చెబుతోంది. ఇంజన్ వేడిగా ఉందని నమ్మిన కంప్యూటరు హీటరు వెలిగించదు, డీజిల్ మోతాదు, టైమింగ్ కూడా వేడి ఇంజన్‌కు ఇచ్చినట్టే ఇస్తుంది. 38 అనేది జరగగల అంకె కాబట్టి కోడ్ పడదు.

అవి సరిగ్గా ఉంటే సెల్ఫ్ కొడుతూ ఇంజన్ వేగం, రైల్ ఒత్తిడి చూడండి. చాలా ఇంజన్లలో 150 నుంచి 250 బార్ చేరేదాకా ఇంజెక్టర్లు తెరుచుకోవు. ఒకటి రెండు సెకన్లలో అక్కడికి చేరాలి. మెల్లగా పాకుతూ పది సెకన్లకు చేరితే ముందు ఫిల్టరు, ఎయిర్ చూసుకుని, తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్ (వాడకుండా వెనక్కి పోయే డీజిల్) కొలవండి. ఒక్కో ఇంజెక్టరు రిటర్న్‌కు ఒకే కొలత సీసా తగిలించి ఇంజన్ కాసేపు నడిపితే, మిగతావన్నీ సమానంగా ఉండి ఒకటి రెండింతలు నిండుతుంది. అదే ఒత్తిడి తాగేస్తోంది. పంపు పోయిందని అందరూ భయపెట్టే చోట చాలాసార్లు దొరికేది ఈ ఒక్క ఇంజెక్టరే.

ప్రశ్న: బోరు పని (అరిగిన సిలిండర్లు, రింగులు బాగు చేయడం) చేయించాల్సిందే అంటున్నారు. కంప్రెషన్ చూస్తే తెలుస్తుందా? సిలిండరులో కొంచెం ఆయిల్ పోసి చూస్తే రింగులా, వాల్వులా అని తేలుతుందట?

జవాబు: కంప్రెషన్ తప్పకుండా చూడండి. డీజిల్ ఇంజన్‌కు చేసిన గేజితోనే చూడాలి, పెట్రోలు ఇంజన్ గేజి పగులుతుంది. లారీ ఇంజన్లలో మామూలుగా 24 నుంచి 31 బార్ వస్తుంది. 20 దగ్గరికి దిగితే చలిలో అంటుకోవడం కష్టం. సిలిండర్ల మధ్య మూడు నాలుగు బార్ల కన్నా తేడా ఉండకూడదు. అన్ని సిలిండర్ల ప్లగ్గులో నాజిళ్లో తీసేసి, నిండు బ్యాటరీలతో తిప్పాలి. బలహీనమైన బ్యాటరీతో కొలిస్తే మంచి ఇంజన్ కూడా చెడ్డదిగా తేలుతుంది.

ఆయిల్ పోసి చూసే కిటుకు పెట్రోలు ఇంజన్‌ది. ఒక లీటరు సిలిండరు, 17కి 1 నిష్పత్తి అయితే పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ 62 మిల్లీలీటర్లు మాత్రమే. అందులో 10 మిల్లీలీటర్ల ఆయిల్ పోస్తే నిష్పత్తి 20కి 1 అయిపోతుంది. రింగులు బాగున్నా, పోయినా గేజి పైకే లేస్తుంది. దాన్ని చూసి రింగులు పోయాయని బోరు విప్పిన ఇంజన్లకు లెక్కలేదు.

దానికి ముందు ట్యాపెట్లు చూడండి. సందు తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ అక్కడే కారిపోతుంది. ఫీలర్ గేజితో ఒక పూట పని. బోరు నిజంగా అరిగితే ఇంకో రెండు గుర్తులు కూడా వస్తాయి: ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ బుసకొట్టడం, వేడెక్కాక కూడా నీలి పొగ. ఆ రెండూ లేకుండా పొద్దున స్టార్టింగు ఒక్కటే సమస్య అయితే బోరు పనికి ఒప్పుకోకండి.

ప్రశ్న: చలి ఎక్కువైనప్పుడు ఇంజన్ ఆయిల్ ఛాంబరు కింద గుడ్డలు కాల్చి వేడి చేస్తాం. ప్రమాదమా?

జవాబు: ఆయిల్ తడి పట్టిన ఇంజన్ కింద మంట పెడుతున్నారు, పక్కనే గాలి పైపులు, వైర్లు, డీజిల్ ట్యాంకు. బండ్లు కాలిపోయేది ఇలాగే. ఒకే చోట మండితే ఛాంబరు అడుగున ఆయిల్ మాడిపోతుంది కూడా. కరెంటు దొరికే చోట నిలిపే బండి అయితే బ్లాక్ హీటరు పెట్టించండి. 500 నుంచి 1500 వాట్లు లాగుతుంది, ఇంజన్ చుట్టూ ఉన్న కూలెంటును వెచ్చబరుస్తుంది. రాత్రంతా అక్కర్లేదు, బయలుదేరే ముందు మూడు గంటలు చాలు, టైమరు పెట్టుకోవచ్చు. ఇంజన్ ఒళ్లు 20 డిగ్రీలు పెరిగితే హీటరు ప్లగ్గులు పనిచేయని బండి కూడా చాలాసార్లు అందుకుంటుంది.

ప్రశ్న: పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం గడ్డకడితే ఇంజన్ స్టార్ట్ కాదా?

జవాబు: దానికీ దీనికీ సంబంధం లేదు. 32.5 శాతం యూరియా ఉన్న ఆ ద్రవం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. ఇంజన్ మామూలుగానే స్టార్ట్ అవుతుంది, ట్యాంకులోని హీటరు తర్వాత దాన్ని కరిగిస్తుంది. ట్యాంకును మాత్రం అంచుదాకా నింపొద్దు. గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది, చోటు లేకపోతే ట్యాంకు చీలుతుంది.